సూక్ష్మతంతువుల పాఠం చెప్పబోయే అమ్మాయికి

కర్నూలు

అమ్మా,

వచ్చే వారం ఇంటర్ పిల్లలకు కణం లోపలి సన్నటి పోగుల గురించి, అదే సూక్ష్మతంతువుల పాఠం చెప్పాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. బోర్డు మీద బొమ్మ తర్వాత వేద్దువు గానీ, ముందు కదలిక చూపించు.

కె.సి. కెనాల్ నుంచో, దగ్గర్లోని చెరువు నుంచో హైడ్రిల్లా అనే నీటిమొక్క కొమ్మలు నాలుగు తెప్పించుకో. కొస దగ్గరి లేత ఆకు తుంచి, అదే నీటి చుక్కలో స్లైడ్ మీద పెట్టు. ఆకు రెండు కణాల మందమే, కోయాల్సిన పని లేదు. కాసేపు లైటు వెలుతురు తగలనిచ్చి, నడి ఈనె పక్కనున్న పొడవాటి కణాల మీద ఫోకస్ చెయ్యి. మొదట ఏమీ కదలకపోవచ్చు, తొందరపడి స్లైడ్ మార్చొద్దు. పచ్చటి ఉండలాంటి హరితరేణువు ఒకటి కదులుతుంది, దాని వెనకే ఇంకోటి, ఆ తర్వాత అన్నీ వరసకట్టి కణం గోడ వెంబడే చుట్టు తిరుగుతాయి. పిల్లలందరూ చూసేదాకా నువ్వేమీ చెప్పకు.

అప్పుడు అడుగు, వీటిని నడిపేది ఏమిటని. యాక్టిన్ అనే ప్రోటీన్ ఉండలు ఒకదానికొకటి అతుక్కుని, రెండు పేటలుగా మెలిపడి, 7 నానోమీటర్ల మందం పోగు అవుతాయి. ఆ పోగే సూక్ష్మతంతువు. మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు పెడుతూ ఆ పోగుల వెంబడి కణాంగాలను మోసుకుపోతుంది. ఆ ఊపుకు చుట్టూ ఉన్న ద్రవం, అందులోని హరితరేణువులు కొట్టుకుపోతాయి. మన కండరం ముడుచుకునేదీ ఈ జంటతోనే. 1942లో హంగరీలో స్ట్రాబ్ అనే శాస్త్రవేత్త యాక్టిన్‌ను వేరుచేసింది కండరం నుంచే.

పిల్లలు తడబడేది ఆ తర్వాత. పోగంటే ఒకసారి కట్టి వదిలేసిన స్తంభం అనుకుంటారు. ఒక కొసన ఉండలు చేరుతుంటే రెండో కొసన ఊడుతుంటాయి, ఊడినవే మళ్లీ వచ్చి చేరతాయి. తెల్ల రక్తకణం పాకేది దీని బలంతోనే. ముందు అంచున పోగులు కొమ్మలు వేస్తూ పెరిగి పొరను నెడతాయి, కణం కింద పట్టు దొరకబుచ్చుకుంటుంది, వెనక భాగాన్ని మయోసిన్ లాక్కొస్తుంది. దీనికి అరగంట పట్టినా పట్టనీ. పేగు లోపలి కణాల మీద వేళ్లలా పొడుచుకొచ్చే సూక్ష్మచూషకాలు లోపలి యాక్టిన్ కట్టల వల్లే నిలబడతాయని ఒక్క మాట చెబితే చాలు.

ఇక మార్కులు పోయే చోటు. కణం మీద వెంట్రుకల్లాంటి శైలికలు, తోకలాంటి కశాభాలు ఆడేది సూక్ష్మతంతువులతో కాదు, సూక్ష్మనాళికలతో. ఆ నాళికలు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో అయిన 25 నానోమీటర్ల గొట్టాలు. కణవిభజనలో క్రోమోసోములను లాగే కండె కూడా వాటిదే. జంతుకణం నడుము బిగించి రెండు చేసే వలయం మాత్రం యాక్టిన్‌ది. ఇది కలగాపులగం కాకుండా ఉండాలంటే సైటోకలాసిన్ సంగతి చెప్పు. బూజుల నుంచి దొరికే ఆ పదార్థం యాక్టిన్ పోగులు పెరగకుండా అడ్డుకుంటుంది. అది పడ్డ జంతుకణంలో కేంద్రకాలు రెండవుతాయి, కణం మాత్రం ఒకటిగానే మిగిలిపోతుంది. ఎందుకో పిల్లలనే చెప్పనివ్వు.

హైడ్రిల్లాను ముందురోజే తెచ్చి, ఆ కాలువ నీళ్లలోనే కిటికీ దగ్గర వెలుతురులో పెట్టు. మన ఎండలో బయట పెడితే నీళ్లు కాగి ఆకు చచ్చిపోతుంది. లెన్సులు కూడా ఆ సాయంత్రమే తుడుచుకో. క్లాసు అయ్యాక ఫోన్ చెయ్యి.

నీ పెద్దనాయన