చెన్నైలో బోరు నీళ్లకు గీజర్ టకటకమని శబ్దం చేస్తోంది, కొత్తది కొనాలా?

మీరు చెప్పిన గుర్తులు రెండు: లోపల టకటక చప్పుడు, నీళ్లు వేడెక్కడానికి మునుపటికంటే ఎక్కువ టైమ్. ట్యాంకు కారనంత వరకు కొత్తది కొననక్కర్లేదు.

వేళచ్చేరి వైపు చాలా ఇళ్లలో బోరు, లేకపోతే ట్యాంకర్ నీళ్లే. వాటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే కాల్షియం కార్బొనేట్‌గా మారి, నీళ్లను వేడిచేసే ఎలిమెంట్‌కి తెల్లటి పెంకులా అతుక్కుంటుంది. ఆ పెంకు కింద చిక్కుకున్న నీళ్లు మరిగి ఆవిరవుతుంటే వచ్చేదే ఆ చప్పుడు. ఎలిమెంట్ వేడి నీళ్లలోకి సరిగా పోక చివరికి ఎలిమెంటే మాడిపోతుంది, కరెంటు బిల్లు సంగతి సరేసరి.

మెకానిక్ వచ్చినప్పుడు ఎలిమెంట్ కడిగి వెళ్లిపోనివ్వకండి. పక్కనే ఉండే మెగ్నీషియం రాడ్ తీసి చూపించమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు అరిగిపోవడమే ఆ రాడ్ పని. మధ్యలోని ఇనుప తీగ బయటపడిందంటే మార్చాల్సిందే. అడిగితే తప్ప చాలామంది దాని జోలికే పోరు! అద్దె ఇల్లయితే ఆ ఖర్చు ఓనర్‌దే అని నా అభిప్రాయం, ఒప్పుకుంటారో లేదో మీ అదృష్టం.

బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం ట్యాంకులో పోయనివ్వకండి, లోపలి పూత పోతుంది. బయటికి తీసిన ఎలిమెంట్‌ని వెనిగర్‌లో నానబెడితే చాలు. థర్మోస్టాట్ 55 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. వేడి పెరిగేకొద్దీ సున్నం ఇంకా తొందరగా పేరుకుంటుంది. సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని ఎప్పుడూ మూసేయకండి.