కథలో చంద్రుడు ఏ దిక్కున ఉన్నాడు?

చిరంజీవికి,

ఆవకాయ జాడీ మీద దర్భపోచ వేసి హైదరాబాద్‌లో డాబా ఎక్కిన అమ్మ నీ చంద్రగ్రహణం కథలో బాగా కుదిరింది. ఆమె జోలికి పోను. అంటార్కిటికాలో, మన భారతి స్థావరంలో ఉన్న కొడుకు తల వెనక్కి వాల్చి నడినెత్తిన చంద్రుణ్ణి చూశాడని రాశావు చూడు, నా కోపమంతా అక్కడే. ఆ రాత్రి అక్కడ చంద్రుడు నడినెత్తికి రాడు. ఏ రాత్రీ రాడు.

గ్రహణం గురించి రాసేవాళ్లు ఉపమానం వెతుక్కునే ముందు చంద్రుడు ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాడో తేల్చుకోవాలి. అంకెలు కనబడితే కథ చెడిపోయిందని కొట్టేసే సంపాదకులున్నారు, వాళ్ల మాట వినకు. అంకె అచ్చులో కనిపించాలని కాదు, నీకు తెలిసి ఉండాలి. "రక్త చంద్రుడు" అని ఒక ముక్క పడేస్తే చాలనుకోవడం ఇప్పటి ఫ్యాషన్. నువ్వు నాలుగుసార్లు వాడావు. నాలుగూ తీసెయ్.

లెక్క కష్టం కాదు. నీ తేదీ 2025 సెప్టెంబర్ 7. ఆ రోజు సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఉత్తరాన 6 డిగ్రీల దగ్గర ఉన్నాడు. చంద్రగ్రహణంలో చంద్రుడు సూర్యుడికి ఎదురు, అంటే దక్షిణాన 6. హైదరాబాద్ 17.4 ఉత్తర అక్షాంశం. ఆ రెండూ కలిపి 90లోంచి తీసేస్తే చంద్రుడు ఎక్కే గరిష్ఠ ఎత్తు వస్తుంది: సుమారు 66 డిగ్రీలు, దక్షిణ దిక్కున. భారతి 69.4 దక్షిణం. ఇక్కడ రెండూ ఒకే వైపు కాబట్టి 69.4లోంచి 6 తీసి, మిగిలినదాన్ని 90లోంచి తీసెయ్. సుమారు 26, అదీ ఉత్తర దిక్కున.

ఇంకొకటి నువ్వు చూసుకోలేదు. హైదరాబాద్ 78.5, భారతి 76.2 తూర్పు రేఖాంశం, ఇంచుమించు ఒకే గీత. తల్లి దక్షిణానికి తిరిగి, కొడుకు ఉత్తరానికి తిరిగి చూస్తున్నారు. అందుకే ఒకరి చంద్రుడు ఇంకొకరికి తలకిందులు. చంద్రుడి దక్షిణ భాగంలోని టైకో అనే బిలం నుంచి చీలే తెల్లటి చారలు అమ్మకు అడుగున కనిపిస్తే కొడుక్కి పైన కనిపిస్తాయి. మన గడియారంలో రాత్రి 9.57కు స్పర్శ, అంటే నీడ బింబాన్ని తాకడం. అప్పుడు ఫోన్‌లో అమ్మ "ఎడమ పక్క నల్లబడుతోందిరా" అంటుంది, "నాకు కుడి పక్కనమ్మా" అంటాడు వాడు. "మనిద్దరం ఒకే చంద్రుణ్ణి చూస్తున్నాం" అన్న నీ వాక్యం కంటే ఇది ఎంత బలమైనదో చూడు. 11.01కి నిమీలనం, అంటే బింబం పూర్తిగా నీడలో మునగడం. 12.23కి ఉన్మీలనం, అంటే నీడ నుంచి బయటపడటం మొదలవడం. భారతిలో చంద్రుడు సరిగ్గా ఉత్తరానికి చేరేది కూడా ఆ ఉన్మీలనం వేళకే. స్పర్శ నుంచి అప్పటిదాకా హైదరాబాద్‌లో 49 నుంచి 66 డిగ్రీలకు ఎక్కుతాడు. అక్కడ 22 నుంచి 26కే. కొడుకు మెడ ఎత్తనక్కర్లేదు, కుడి నుంచి ఎడమకు మెల్లగా తిప్పితే చాలు. చంద్రోదయం కూడా అంతే, ఏటవాలు. ఇక్కడ బింబం రెండు నిమిషాల్లో బయటపడితే అక్కడ ఆరు పడుతుంది.

నెల మార్చాలనుకుంటే జాగ్రత్త. పౌర్ణమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురే. జూన్‌లో భారతిలో సూర్యుడు లేవడు, గ్రహణం పట్టే చంద్రుడు అస్తమించడు. డిసెంబర్‌లో గ్రహణం పెట్టావంటే చంద్రుడు దిగంతం కిందే ఉండిపోతాడు, కథే లేదు. సరిగ్గా దక్షిణ ధ్రువం మీద ఇంకా విచిత్రం. 2022 మే 16 గ్రహణమంతా చంద్రుడు 18, 19 డిగ్రీల ఎత్తున, దిగంతానికి సమాంతరంగా గంటకు 15 డిగ్రీల చొప్పున నడిచాడు. అక్కడి స్థావరం న్యూజిలాండ్ గడియారం పాటిస్తుంది కాబట్టి సంపూర్ణ గ్రహణం మధ్యాహ్నం 3.29 నుంచి 4.54 దాకా. అందుకే "అర్ధరాత్రి" అని చెయ్యి తిరిగినట్టు రాసెయ్యకు.

కెమెరా భాగం మొత్తం తిరగరాయి. పౌర్ణమి బింబానికి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా చురుకుదనం) 100, ఎఫ్ (కటకం తెరుచుకునే కొలత) 8, సెకనులో 250వ వంతు సరిపోతుంది. సంపూర్ణంలో వెలుగు వేల రెట్లు పడిపోతుంది, ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, ఒక సెకను కావాలి. నీవాడు ఒకే అమరికతో రాత్రంతా తీశాడు, సంపూర్ణం వేళకు వాడికి నల్లటి చట్రాలే మిగులుతాయి. చలిలో బ్యాటరీ త్వరగా పడిపోతుంది. రెండోది కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టించు. ఫోకస్ రింగును టేపుతో బిగించినా, లోహం ముడుచుకునేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, మధ్యలో ఒకసారి మళ్లీ సరిచూడాలి. కటకం మీద ఊపిరి పడితే అక్కడికక్కడే మంచుపొర కడుతుంది, తుడిస్తే గీతలు పడతాయి. గాలికి చాటుగా భవనం పక్కన నిలబెట్టావు, మంచిదే. కానీ వేడిగాలి వదిలే గొట్టం వైపు వద్దు, బింబం అలలు అలలుగా కదులుతుంది. లోపలికి తెచ్చేముందు బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసెయ్యాలి, అప్పుడు చెమ్మ సంచి మీద పడుతుంది. కొన్ని గంటలు తెరవకూడదు. వాడు గదిలోకి రాగానే ఫొటోలు చూసుకున్నాడని రాశావు, కార్డు బయటే తీసి జేబులో వేసుకున్నాడని మార్చు.

మైనస్ 60 కూడా తీసెయ్. అది లోపలి పీఠభూమి చలి. భారతి సముద్రపు ఒడ్డున ఉంది, సెప్టెంబర్‌లో మైనస్ 15, 20 అనుకో. అక్కడ మనిషిని పీడించేది పీఠభూమి మీద నుంచి దిగే గాలి. ట్రైపాడ్‌కు రాళ్ల సంచి వేలాడదీయించు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు తిరగరాసి నాకు పంపు.