టార్చి లైటు సొంతంగా తయారు చేసుకోవాలంటే గొట్టంతో మొదలుపెట్టకండి

"సోల్డరింగ్ కొద్దిగా వచ్చు, లేత్ మెషిన్ లేదు. అయినా మొదటినుంచి చివరిదాకా నా చేత్తో ఒక టార్చి లైటు చేసుకోవాలని ఉంది. ముందు మంచి గొట్టం వెతుక్కోవాలా?" అని అడిగారు. గొట్టం సంగతి తర్వాత. లోపల పుట్టే వేడి ఎటు పోవాలో ముందు తేల్చుకోండి, మిగతా కొలతలన్నీ దాన్నిబట్టే వస్తాయి. ఇది నాకు రెండు ఎల్‌ఈడీలు పోయాక తెలిసింది.

నా మొదటి లైటుకి అల్యూమినియం గొట్టం దొరికింది. వారం రోజులు ఆకురాయితో, ఎమెరీ కాగితంతో రుద్ది నున్నగా చేశాను. ఎల్‌ఈడీ ఉన్న చిన్న పలకని పల్చటి రేకు బిళ్ల మీద మామూలు జిగురుతో అంటించి లోపలికి తోశాను. బిళ్లకీ గొట్టం గోడకీ మధ్య కాగితం దూరేంత సందు ఉండిపోయింది. వెలిగిస్తే గదంతా తెల్లగా నిండిపోయింది. కాసేపటికే వెలుగు తగ్గుతూ నీలంగా మారడం మొదలైంది. గొట్టం పట్టుకుని చూస్తే చల్లగా ఉంది, కాబట్టి వేడి సమస్య కాదనుకుని ఇంకాసేపు వెలగనిచ్చాను. అది పొరపాటు. గొట్టం చల్లగా ఉందంటే వేడి బయటికి రావడం లేదని అర్థం. అదంతా ఎల్‌ఈడీ దగ్గరే నిలిచిపోయింది.

లెక్క చూడండి. 2.8 ఆంపియర్ల దగ్గర ఎల్‌ఈడీ మీద సుమారు 3.3 వోల్టులు పడితే 9 వాట్లకు పైమాటే. అందులో సగానికి మించి వేడిగానే మారుతుంది. ఆ వేడి పుట్టేది నాలుగైదు మిల్లీమీటర్ల చదరంలో. అందుకే ఎల్‌ఈడీని రాగి పలక మీద, అదీ ఎల్‌ఈడీ అడుగున మధ్యలో ఉండే ప్యాడ్ (వేడి బయటికి పోయే లోహపు మచ్చ) నేరుగా రాగికే టంకం పడేలా చేసిన పలక మీద పెట్టుకోండి. మామూలు అల్యూమినియం పలకల్లో ఆ ప్యాడ్‌కీ లోహానికీ మధ్య కరెంటు పారకుండా ఒక పొర ఉంటుంది. అదే వేడినీ ఆపుతుంది. పలక కూర్చునే అడ్డగోడ తలభాగంతో కలిసి ఒకే ముక్కగా ఉంటే అంతకంటే మంచిది లేదు. విడిగా బిళ్ల వేయక తప్పకపోతే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండాలి, బిగుతుగా తట్టి కూర్చోబెట్టాలి. గాజుపలక మీద ఎమెరీ కాగితం పరిచి బిళ్ల రెండు వైపులా రుద్దితే చదునుగా వస్తుంది. థర్మల్ పేస్టు (వేడిని దాటించే ముద్ద) సందులు నింపడానికే, కాబట్టి పల్చగా రాస్తే చాలు.

లోహం విషయంలో చాలామందికి ఇత్తడి మీద మోజు. చూడటానికి బాగుంటుంది, లేత్ మీద కూడా చక్కగా తెగుతుంది. కానీ వేడిని మోసుకుపోవడంలో అల్యూమినియం కంటే వెనకబడుతుంది, బరువు మూడింతలు. రాగి ఈ రెండింటికంటే బాగా మోస్తుంది గానీ పనిముట్టుకి అంటుకుపోయి సతాయిస్తుంది. మొదటి లైటుకి అల్యూమినియమే నా సలహా.

డ్రైవర్ అంటే బ్యాటరీ నుంచి ఎల్‌ఈడీకి వెళ్ళే కరెంటుని అదుపులో పెట్టే సర్క్యూట్. మొదటిసారికి 7135 చిప్‌లతో చేసిన లీనియర్ డ్రైవర్ చాలు. ఒక్కో చిప్ 350 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, ఎనిమిది పక్కపక్కన వేస్తే 2.8 ఆంపియర్లు. కాయిల్ ఉండదు, తప్పు జరిగితే వెతికి పట్టుకోవడం తేలిక. నిండా చార్జైన సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది కాబట్టి, ఎల్‌ఈడీ వాడుకోగా మిగిలిన వోల్టేజీని చిప్‌లే వేడిగా ఖర్చు చేస్తాయి. అంటే డ్రైవర్‌కీ వేడి దారి కావాలి.

దీంతో నాకు జరిగినది ఒకటి చెప్పాలి, మీకూ జరగవచ్చు. రెండో లైటులో తక్కువ వెలుగు, మధ్య వెలుగు, ఎక్కువ వెలుగు అన్న మూడు మెట్లూ బల్ల మీద బాగా పనిచేశాయి. రిఫ్లెక్టర్ (వెలుగుని ముందుకి మళ్ళించే మెరిసే గిన్నె) బిగించగానే ఏ మెట్టులో పెట్టినా పూర్తి వెలుగే వచ్చింది. డ్రైవర్ పోయిందనుకుని మార్చాను, మళ్ళీ అదే. చివరికి తేలిందేమంటే, రిఫ్లెక్టర్ అడుగు ఎల్‌ఈడీ నెగటివ్ తీగ టంకానికి తగులుతోంది. ఈ రకం డ్రైవర్ కరెంటుని నెగటివ్ వైపే ఆపుతుంది. రిఫ్లెక్టర్ ద్వారా ఆ తీగ గొట్టానికి కలిసిపోతే డ్రైవర్‌ని దాటేసి కరెంటు నేరుగా పారుతుంది. పాజిటివ్ టంకం తగిలి ఉంటే ఇంకా ప్రమాదం, సెల్ మొత్తం షార్ట్ అయ్యేది. టంకం పొట్టిగా ఉంచి, మధ్యలో ప్లాస్టిక్ గాస్కెట్ వేయండి. దాని మందం అర మిల్లీమీటరు మారినా వెలుగు మధ్యలో నల్లటి మచ్చ వస్తుంది, కాబట్టి రెండు మూడు మందాలు దగ్గర ఉంచుకోండి.

సెల్ దగ్గర మాత్రం పొదుపు చూడకండి. ఇలాంటి లైటుకి వాడే లిథియం సెల్ పేరు 18650, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. రక్షణ సర్క్యూట్ ఉన్నవి ఇంకో మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు పొడవుంటాయి, లావూ కాస్త ఎక్కువే. సెల్ చేతికొచ్చాక కొలిచి, ఆ తర్వాతే గొట్టం కోయండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఊడదీసిన సెల్స్, చొట్టపడినవి, పైతొడుగు చిరిగినవి వద్దు. సెల్‌కి నేరుగా టంకం పెట్టవద్దు.

లేత్ లేదన్నారు. మొదటి లైటుకి పాత టార్చి ఒకటి తీసుకుని లోపలంతా తీసేసి, అడ్డగోడ, పలక, డ్రైవర్, తీగలు మీరే చేసుకోండి. అది సొంత తయారీ కాదని ఎవరన్నా అన్నా నేను ఒప్పుకోను, లైటు ప్రాణమంతా ఆ లోపలి భాగంలోనే ఉంది. తర్వాత కొలతలతో బొమ్మ గీసి లేత్ పనివారి చేత గొట్టం, తల, మూత చేయించుకోవచ్చు. మరలు కొట్టేటప్పుడు ముందు పనికిరాని ముక్క మీద ప్రయత్నించమనండి. నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ కూర్చునే గాడిని మరిచిపోవద్దు. వెనక స్ప్రింగుకి ఒక మెత్తటి రాగి తీగని సమాంతరంగా టంకం పెడితే వెలుగు కాస్త పెరుగుతుంది, సన్న స్ప్రింగు కరెంటుని అడ్డుకోవడం తగ్గుతుంది కాబట్టి.

లూమెన్ల (మొత్తం వెలుగు కొలత) సంఖ్య వెనక పడకండి. దూరం పోయేది క్యాండెలాని (ఒక దిశలో వెలుగు తీవ్రతని) బట్టి. 10,000 క్యాండెలా ఉంటే 200 మీటర్ల దగ్గర 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) పడుతుంది, దాదాపు పున్నమి వెన్నెలంత. నాకు మాత్రం దూరం కంటే రంగు ముఖ్యం. నిచియా కంపెనీ 519ఎ లాంటి, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, 100 దాకా ఉండే కొలత) 90 దాటిన ఎల్‌ఈడీ, వెలుగు రంగు 4000 కెల్విన్ల దగ్గరిది పెట్టుకున్నప్పటి నుంచి రాత్రి ఆకులు ఆకుల్లా, మట్టి మట్టిలా కనిపిస్తున్నాయి.

మొదటిసారి వెలిగించేటప్పుడు, దొరికితే కరెంటు పరిమితి పెట్టగల పవర్ సప్లైతో, 100 మిల్లీఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. అన్నీ సరిగా ఉంటే సెల్ వేసి ఎక్కువ వెలుగులో పెట్టి, తలభాగాన్ని పట్టుకుని కూర్చోండి. ఒకటి రెండు నిమిషాల్లో చేతికి వెచ్చదనం తెలియాలి. తెలియకపోతే వెంటనే ఆపి, విప్పి, అడ్డగోడ ఎక్కడ ఆనలేదో చూడండి.