పెరట్లో దిగిన ఇల్లు, జేబుకు పడిన చిల్లు

తమ్ముడూ, వయసులో చిన్నవాడివి కాబట్టి ‘నువ్వు’ అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇక్కడ కాలిఫోర్నియాలోని ట్రేసీ ఊళ్ళో ఇల్లు కొన్నానన్నావు. పెరడు పెద్దదన్నావు. ఖమ్మంలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారని, ఫ్యాక్టరీలో చేసిన మాడ్యులర్ ఇల్లు తెచ్చి పెరట్లో దించేస్తే అందరూ ఒకచోట ఉంటారని, లక్షా యాభై వేల డాలర్లలో అయిపోతుందట కదా అని రాశావు. ఆ ‘అట’ దగ్గర కాసేపు ఆగు. నేనూ 2022లో అక్కడే మొదలుపెట్టాను.

నిజానికి నా తెలివితక్కువతనం అంతకంటే పాతది. 2014లో మావాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు, గ్యారేజీని గదిగా మార్చేస్తే చాలనుకున్నాను. పర్మిట్ ఎందుకు, ఎవడు చూస్తాడు అన్నాడొక తెలిసినాయన. నేనూ నమ్మాను. కార్పెట్, చిన్న బాత్రూమ్, గోడకు ఏసీ, మొత్తం 18,000 డాలర్లు. చూడాల్సినవాళ్ళే చూశారు. నోటీసు వచ్చింది, అంతా పీకించి మళ్ళీ గ్యారేజీ చేయాల్సి వచ్చింది. పీకినందుకు ఇంకో 4,000. ఆ రోజుల్లో నా జీతానికి అదెంత పెద్ద దెబ్బో, ఇప్పుడు ఉద్యోగంలో చేరుతూనే జీతంతోపాటు కంపెనీ షేర్లు అందుకుంటున్న మీ తరానికి తెలియదులే.

అందుకని రెండోసారి బుద్ధిగా చట్టప్రకారమే వెళ్ళాను. రూల్స్ గురించి పెద్దగా చెప్పను, వెతుక్కుంటే దొరుకుతాయి. కాలిఫోర్నియాలో పెరటి ఇంటికి పూర్తి దరఖాస్తు ఇచ్చాక సిటీవాళ్ళు 60 రోజుల్లో అవునో కాదో తేల్చాలి. 750 చదరపు అడుగుల లోపు కడితే ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త ఇంటివల్ల ఊరి వసతుల మీద పడే భారానికని వసూలుచేసే రుసుములు, వేయకూడదు. ‘మాడ్యులర్’ వేరు, ‘మాన్యుఫాక్చర్డ్’ వేరు. మొదటిది మామూలు ఇళ్ళకున్న కోడ్, అంటే నిర్మాణ నిబంధనల ప్రకారమే కడతారు. రెండోది 1976 నుంచి ఉన్న ఫెడరల్ కోడ్ ప్రకారం, కింద ఇనుప చట్రంతో వస్తుంది. లోన్ అడిగితే బ్యాంకువాళ్ళు ఈ రెండింటినీ ఒకే కళ్ళతో చూడరు. ఏది కొంటున్నావో సంతకం పెట్టకముందే కనుక్కో.

ఇక అసలు సంగతికి వస్తాను. మాది 640 చదరపు అడుగులు, ఒక బెడ్రూమ్. ఫ్యాక్టరీవాడి కాగితం మీద 1,42,000 డాలర్లు. చివరికి నా చేతినుంచి పోయింది 2,68,000. ఎవరూ మోసం చేయలేదు. కాగితం మీద ఉన్నది ఇల్లు. ఇల్లు నిలబడాలంటే పునాది కావాలి, అదందులో లేదు. పునాదికి ముందు మట్టి పరీక్ష. రోడ్డు నుంచి పెరటిదాకా నీళ్ళు, కరెంటు, మురుగు పైపులకు కాలువ తవ్వాలి. మా డ్రైవ్‌వే కాంక్రీటు కోసి, తవ్వి, మళ్ళీ పోయడానికే 11,000 అయింది. మురుగు వాలు సరిపోలేదని పంపు పెట్టమన్నారు. కరెంటు ప్యానెల్ 100 ఆంప్స్, అది చాలదని 200కి మార్చారు. ఇక క్రేను. మా వీధిలో కరెంటు తీగలు ఇంటి ముందు నుంచే పోతాయి. మామూలు క్రేను చేయి చాపే చోటు లేదు, పెద్దది తెప్పించాలన్నారు. ఒక్క పూటకు 9,500. రెండు ముక్కలుగా వచ్చిన ఇల్లు మా కప్పు మీదుగా గాల్లో ఊగుతూ వెళ్తుంటే, వీధంతా బయటికొచ్చి ఫోన్లు పైకెత్తింది. నాన్న మాత్రం ఆ క్రేనుకి గంటకెంతో కనుక్కో అన్నారు. నేనెవరి పోలికో అర్థమైంది కదా.

మొత్తం లెక్క చెప్పేదాకా ఆయన వదల్లేదు. చిల్లర వదిలేసి 80తో గుణించి, రెండు కోట్ల పద్నాలుగు లక్షలు అన్నారు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బు ఎక్కడ తెచ్చానో కూడా విను, నువ్వూ అదే చేస్తావని నాకు తెలుసు. ఇంటిమీద క్రెడిట్ లైన్ తీసుకున్నాను, అంటే ఇల్లు తాకట్టు పెట్టి, కావలసినంత వాడుకుని, వాడినదానికే వడ్డీ కట్టే అప్పు. 2022 ఫిబ్రవరిలో వడ్డీ 3.75 శాతం. 1,80,000 వాడుకుంటే నెలకు 560 డాలర్ల వడ్డీ, ఫర్వాలేదనుకున్నాను. అది మారే వడ్డీ అని తెలుసు, కానీ మారడమంటే ఏమిటో తెలియదు. 2023 జూలై కల్లా 9 శాతం అయింది. అదే అప్పుకు నెలకు 1,350. ఆ ఏడాది రాత్రిళ్ళు లేచి ఫోన్లో బ్యాలెన్స్ చూసుకునేవాణ్ణి. ఓవర్‌టైమ్ లేని ఉద్యోగం, అయినా శనివారాలు ఇంకో కంపెనీకి కన్సల్టింగ్ చేసి గట్టెక్కాను. చేశానా లేదా? చేశాను. నువ్వు చేయగలవా అన్నది ఇప్పుడే ఆలోచించుకో.

ఇల్లు దిగాక పడిన ఖర్చులు వేరు. మాడ్యులర్ ఇల్లు నేలమీద కూర్చోదు. కింద పైపులకు, మనిషి పాక్కుంటూ వెళ్ళడానికి ఖాళీ వదులుతారు. దాంతో మా గుమ్మం నేలకు రెండున్నర అడుగుల ఎత్తున తేలింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మొదటి రోజు నాలుగు మెట్ల ముందు నిలబడి, గోడ పట్టుకోవడానికి చేయి చాపితే అక్కడ గోడ లేదు. ర్యాంప్ కట్టాలంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున ముప్పై అడుగులు. దానికి 7,200. పునాదిని లోపలికి దింపి గుమ్మం నేలకు దగ్గరగా పెట్టమని ముందే అడిగి ఉంటే చాలావరకు మిగిలేది. ఇది రాసిపెట్టుకో.

వంటగది కూడా. అంతా కరెంటే, గ్యాస్ లేదు, ఇండక్షన్ పొయ్యి. అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం గిన్నె పెడితే అది వెలగనే వెలగదు. మళ్ళీ గిన్నెలు కొన్నాం. స్టవ్ మీది ఫ్యాన్ పొగను బయటికి పంపే రకం కాదు, వడగట్టి మళ్ళీ గదిలోకే వదిలే రకం. ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెట్టిందో లేదో, అలారం కుయ్యోమంది. నాన్న స్టూలెక్కి తువ్వాలుతో దాన్ని విసురుతున్నారు, అమ్మ పొయ్యి ఆపకుండా ‘పప్పు మాడుతుందండీ’ అంటోంది. ఫ్యాను గొట్టం గోడలోంచి బయటికి తీయించడానికి 1,900. ఫ్యాక్టరీలోనే చెప్పుంటే దాదాపు ఊరికే అయ్యేది.

ఆస్తి పన్ను గురించి భయపడకు, పాత ఇంటి విలువను తిరగదోడరు, కొత్తగా కట్టినదానికే కలుపుతారు. మాకు ఏడాదికి రెండు వేల పైచిలుకు పెరిగింది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అంటే మిగతా ఆరు నెలలు ఖాళీ ఇంటికి వడ్డీ కడతావు. గ్రీన్‌కార్డు కావాలంటే ముందు నువ్వు పౌరుడివి కావాలి. వచ్చాక కూడా 65 దాటినవాళ్ళు మెడికేర్ (పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే ఐదేళ్ళు ఆగాలి. ఈలోపు ఇన్సూరెన్స్ నీ జేబులోంచే. చాలామంది ఇంటి లెక్క వేసి ఇది మర్చిపోతారు.

వాళ్ళు సంతోషంగా ఉన్నారా అని కూడా అడిగావు. ఉన్నారు. మా వెనక తలుపుకీ వాళ్ళ గుమ్మానికీ నలభై అడుగులు. మా ఇంట్లోనే ఉన్నప్పుడు అమ్మ నా గదిలోకి తలుపు తట్టకుండా వచ్చేది. ఇప్పుడు ఫోన్ చేసి ‘ఖాళీగా ఉన్నావా నాన్నా, రమ్మంటావా’ అని అడిగి వస్తుంది. వానలో జారకుండా ఆ నలభై అడుగులకూ రాళ్ళు పరిపించాను, 3,800. అది కూడా లెక్కలో వేసుకో.

ఫ్యాక్టరీవాడికి అడ్వాన్స్ ఇప్పుడే పంపకు. ముందు ఇంటి పక్కన ఉన్న కరెంటు ప్యానెల్ తలుపు తీసి, మెయిన్ బ్రేకర్ మీద 100 అని ఉందో 200 అని ఉందో చూడు. మురుగు పైపు మూత ఎక్కడుందో, అక్కణ్ణుంచి పెరటి మూలకు ఎన్ని అడుగులో టేపు పెట్టి కొలువు. ఇంటి ముందు తీగలు ఫోటో తీయి. ఆ మూడూ నాకు పంపితే, నీ లక్షా యాభై వేలు ఎంతవుతుందో ఉజ్జాయింపుగా నేను చెప్తాను.