టెక్ సందేహాలు: 12 పేజీలు 15 ఎలా అయ్యాయి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా సంఘం వార్షికోత్సవ సంచికను వర్డ్‌లో టైప్ చేశాం. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఒడియా. ఊరి అభిమానంతో తెలుగుకు గిడుగు ఫాంట్ పెట్టాం. బరంపురంలో మా కార్యదర్శి గారు వర్డ్ లాంటిదే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే 12 పేజీలు 15 అయ్యాయట. ఒడియా అంతా ఖాళీ డబ్బాలట. రెండు భాషల వరుసలూ కలిసిపోయాయట. వచ్చే వారమే ప్రింటింగ్, టెన్షన్‌గా ఉంది. తప్పు లిబ్రే ఆఫీస్‌దేనా?

జవాబు: దాని తప్పు ఇందులో తక్కువే. వర్డ్ డాక్స్ (.docx) ఫైల్లో మీరు కొట్టిన అక్షరాలూ ఫాంట్ పేరూ మాత్రమే వెళ్తాయి, ఫాంట్ వెళ్లదు. అవతలి కంప్యూటర్‌లో గిడుగు లేకపోతే అక్కడున్న మరో తెలుగు ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషుకు ఈ బాధ తక్కువ. కాలిబ్రి లేకపోతే సరిగ్గా అంతే వెడల్పున్న కార్లిటోను లిబ్రే ఆఫీస్ వాడుకుంటుంది, వరుస కదలదు. మన ఫాంట్లకు అలాంటి కవలలు లేరు. పైగా వత్తుల కోసం ఒక్కో ఫాంట్ వరుసల మధ్య ఒక్కోలా ఎడం వదులుతుంది. పేజీకి ఏడెనిమిది వరుసలు కిందికి జారితే చాలు, 12 కాస్తా 15 అవుతాయి.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది, ఆ ఫాంట్ మీద మమకారం ఉండటం సహజమే. కానీ అది శీర్షికలకు బాగుంటుంది. లోపలి వ్యాసాలకు నోటో సాన్స్ తెలుగు పెట్టి, దాన్ని రెండు కంప్యూటర్లలోనూ ఇన్‌స్టాల్ చేయండి. ఉచితమే.

ఒడిశాలోని కంప్యూటర్‌కే ఒడియా రాకపోవడం నవ్వొచ్చే సంగతే గానీ, ఆ డబ్బాలకు అర్థం అదే: అందులో ఒడియా ఫాంట్ లేదు. ఆ డబ్బాలను టోఫు అంటారు. అవి కనబడకూడదనే, ‘నో టోఫు’ అన్న అర్థంలో నోటో ఫాంట్లకు ఆ పేరు పెట్టారు. ఒడియా కోసం మాత్రం ‘నోటో సాన్స్ ఒరియా’ అని వెతకండి. 2011లో భాష పేరు ఒడియాగా మారినా, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో పాత పేరే ఉంది.

ఇన్‌స్టాల్ చేయడం కుదరకపోతే వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ‘ఎంబెడ్ ఫాంట్స్’కు టిక్ పెట్టండి. ఫైల్ బరువెక్కుతుంది, ఫాంట్ దాంతోపాటే వెళ్తుంది. అందుకు ఒప్పుకోని ఫాంట్లూ కొన్ని ఉన్నాయి.

ఇక వరుసలు కలిసిపోవడం. ఇది మాత్రం మీ చేతి చలవే అనుకుంటున్నాను. హోమ్‌లో పేరాగ్రాఫ్ గుర్తు నొక్కితే ప్రతి స్పేసూ ఒక చుక్కగా కనిపిస్తుంది. తెలుగుకూ ఒడియాకూ మధ్య చుక్కల ముగ్గు కనిపిస్తే దొంగ దొరికినట్టే. స్పేస్‌బార్‌తో జరిపిన వరుస ఫాంట్ మారగానే చెదురుతుంది. రెండు గడుల టేబుల్ వేసి, గీతలు తీసేసి, ఒక గడిలో తెలుగు, పక్క గడిలో ఒడియా పెట్టండి.

ప్రశ్న: గుణుపురం నుంచి. డీటీపీ షాపులో చేయించిన శుభలేఖ మ్యాటర్‌ను ఫోన్‌లో గూగుల్ డాక్స్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. వైరస్సా?

జవాబు: వైరస్ కాదు, బహుశా అను ఫాంట్. అది యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెడుతుంది. ఆ ఫాంట్ లేని చోట కుర్చీలే కనిపిస్తాయి. షాపువాళ్లను యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసి ఇమ్మనండి. కన్వర్ట్ చేశాక వత్తులు తప్పిపోతుంటాయి, పెళ్లికొడుకు పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బంధువులకు వాట్సాప్‌లో పంపడానికే అయితే పీడీఎఫ్ అడిగితే సరిపోతుంది.