టీవీ మూలన మెరుపు గుర్తు

ప్రశ్న: హాల్లో ఫ్యాన్ చప్పుడు లేని మీడియా సెంటర్ కావాలని, తెలిసిన ఒక టెక్నీషియన్‌తో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద చేయించాను. మూడు విడతల్లో యూపీఐ ద్వారా 31,500 రూపాయలు ఇచ్చాను. బిల్లు లేదు. నాన్నగారి షష్టిపూర్తి క్యాసెట్‌ను స్టూడియోలో ఫైలుగా మార్పించి, పిల్లల వీడియోలతో పాటు 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో దాచుకున్నాం. మొదట్లో టీవీ పై మూలన పసుపు మెరుపు గుర్తు వచ్చేది. చెబితే అతనొచ్చి రెండు నిమిషాల్లో పోగొట్టాడు. నాలుగు నెలలకు డిస్క్ టిక్కు టిక్కుమని ఆగిపోయింది. అది జరిగి వచ్చే నెల 18కి రెండేళ్లు. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ వీడియో ఏదిరా అని అమ్మ అడుగుతుంటే గుండె తరుక్కుపోతోంది. అతను ఇన్నాళ్లూ ‘వచ్చే వారం చూస్తా’ అని మెసేజ్‌లు పెట్టి, ఇప్పుడు ‘సినిమాలు నింపిన 4 టీబీ డిస్క్ ఇస్తా, రాజీ కాగితం మీద సంతకం పెట్టండి’ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు నాన్నగారి గురించే రాశారు. కేసును తేల్చే విషయం మాత్రం ఒకే ఒక్క లైన్లో ఉంది: ‘రెండు నిమిషాల్లో పోగొట్టాడు.’ ఏం పోగొట్టాడు? లోపాన్నా, గుర్తునా?

ఆ పసుపు మెరుపు బోర్డుకు కరెంటు చాలడం లేదని చెప్పే హెచ్చరిక. రాస్ప్‌బెర్రీ పై 4కు 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. అది సరైనదే పెట్టినా నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి దొరికేది 1.2 ఆంపియర్లే. మీ డిస్క్‌కు వేరే అడాప్టర్ లేదు, బోర్డు నుంచే కరెంటు లాగుతోంది. లోపం సరిచేయాలంటే అడాప్టర్ మార్చాలి, లేదా డిస్క్‌కు విడిగా కరెంటు ఇవ్వాలి. మీ ఇంట్లో కొత్త వస్తువేదీ పెట్టలేదని మీరే రాశారు. మరి గుర్తెలా పోయింది? బోర్డు సాఫ్ట్‌వేర్ ఉండే ఎస్‌డీ కార్డులో కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ అనే సెట్టింగుల ఫైలు ఉంటుంది. అందులో ‘అవాయిడ్ వార్నింగ్స్’ అనే లైను చేర్చి పక్కన 1 వేస్తే తెర మీద హెచ్చరిక రాదు, కరెంటు కొరత అలాగే ఉంటుంది. మీ కార్డులో ఆ లైను దొరికితే, తెలిసీ దాచాడని వాదించడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. వినియోగదారుల చట్టం చెప్పే ‘సేవలో లోపం’ అంటే ఇదే. దొరక్కపోతే కేసు బలహీనపడుతుంది, అది కూడా ముందే తెలుసుకోండి.

కాబట్టి ఆ పెట్టెను మళ్లీ ఆన్ చేయకండి. మీ బావమరిది కంప్యూటర్లు బాగా తెలిసినవాడే కావచ్చు, అతన్నీ ముట్టుకోనివ్వద్దు. కార్డు తీసి కవర్లో పెట్టి, తేదీ రాసి సీలు వేయండి. డిస్క్‌ను వీధి చివరి రిపేరు షాపులో విప్పించకుండా డేటా రికవరీ చేసే ల్యాబ్‌కు ఇచ్చి, ఎందుకు పోయిందో రాతపూర్వకంగా తీసుకోండి. ‘డిస్కులు వాటంతట అవే పోతాయి సార్’ అనే వాదన అవతలి నుంచి తప్పకుండా వస్తుంది. దానికి జవాబు నిపుణుడు చెప్పాలి, మీరూ నేనూ కాదు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే సమయం. ‘వచ్చే వారం’ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి కాబట్టి గడువు పెరుగుతుందనుకుంటున్నారు. మీరు చేసిన అసలు తప్పు అదే. పొగాకు గోడౌను 1988లో తగలబడితే 1997లో ఫిర్యాదు చేసిన కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసును, ఆనాటి చట్టంలోని ఇదే రెండేళ్ల నిబంధన మీద 2009లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మధ్యలో ఉత్తరాలు నడిచినా లాభం లేకపోయింది. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, సరైన కారణం చూపాలి. మొహమాటపడ్డాను అంటే అది కారణం కాదు.

సంతకం మాత్రం పెట్టకండి. ‘పూర్తి పరిష్కారం’ అని రాసి ఉన్న కాగితం మీద మీ సంతకం పడితే ఫిర్యాదు దాదాపు అక్కడితో ఆఖరు. పైగా నష్టపరిహారంగా పైరసీ సినిమాలు తీసుకున్నానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో తెలిసి ఉల్లంఘించినవారికే కాదు, అందుకు తోడ్పడినవారికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. పోయింది మీ ఇంటి వీడియో అయితే దొంగ సినిమాలతో సర్దుకోవడమేమిటి? (వీడియోలు ప్లే చేసే కోడి అనే సాఫ్ట్‌వేర్ వాడటం నేరమా అని కూడా అడిగారు. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, అది చట్టబద్ధమైనదే. అందులో ఏం చూస్తారన్నదే ప్రశ్న.) స్నేహితులు చెప్పిన చీటింగ్ కేసూ వద్దు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేరు.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. యూపీఐ చెల్లింపుల వివరాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. బిల్లు ఇవ్వకపోవడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్ మార్చినప్పుడు సగం చాట్ పోయిందన్నారు. ఇలాంటి నిర్లక్ష్యానికి ఏ చట్టమూ మందు ఇవ్వదు. మిగిలింది ఈరోజే ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ ఫోన్‌ను రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు జతచేసే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్ అంత పట్టుబట్టకపోవచ్చు, అయినా జతచేయండి. ఉత్తరంతో పంపిన పుట్టినరోజు ఫొటోలో పాప వెనక టీవీ మూలన ఆ మెరుపు స్పష్టంగా కనిపిస్తోంది. అసలు ఫైలు, తేదీతో సహా, జాగ్రత్త.

లీగల్ నోటీసు తప్పనిసరి కాదు. పంపినా పది రోజులకు మించి ఆగకండి. మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఇచ్చిన డబ్బు, రికవరీ ఖర్చు, మనోవేదనకు సబబైన మొత్తం అడగండి. పాతిక లక్షలు అని రాస్తే నవ్వుతారు. ఒకే ఒక్క కాపీ ఎందుకు ఉంచుకున్నారని కమిషన్ కూడా అడుగుతుంది, పరిహారంలో ఆ మేరకు కోత పడవచ్చు.

ఇంతకీ ఆ క్యాసెట్ ఏమైంది? ఫైలుగా మార్చిన స్టూడియోలో కాపీ ఉందేమో అడిగారా? నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేయడం మీ బాధ్యత కూడా. రేపు పొద్దున్నే వెళ్లండి. దొరికితే ఆ సంగతి ఫిర్యాదులో దాచకండి.