సమాధానం: పలాస జీడితోట తేమ సెన్సర్ – డీప్ స్లీప్ పెట్టినా 9 రోజులకే బ్యాటరీ అయిపోవడం

అన్నా, డీప్ స్లీప్ (పని లేనప్పుడు చిప్‌ని గాఢనిద్రలో ఉంచడం) పెట్టినా మట్టి తేమ సెన్సర్ బ్యాటరీ 9 రోజులకే అయిపోతోందని, వై-ఫై ఆన్ కాగానే బోర్డు రీసెట్ అవుతోందని అడిగారు. మీ కోడ్‌లో తప్పేం లేదు. అరగంటకోసారి లేచి, తేమ చదివి, పంపి పడుకోవడం సరిగ్గానే ఉంది. కరెంటు తాగేస్తున్నది ఈఎస్‌పీ32 (కోడ్ నడిపే, వై-ఫై ఉన్న చిప్) కాదు, దాని చుట్టూ ఉన్న బోర్డు.

నిద్రలో చిప్ తీసుకునేది సుమారు 10 మైక్రో ఆంప్స్. బోర్డు మీది ఏఎమ్‌ఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజిని 3.3కి తగ్గించే భాగం) మాత్రం ఊరికే ఉన్నా 5 మిల్లీ ఆంప్స్ లాగుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ ఇంకో ఒకటి రెండు (రాత్రి తోటలో అది ఎవరి కోసం వెలగాలి?). సెన్సర్‌ని 3.3 వోల్టులకి నేరుగా కలిపారు కాబట్టి అదీ రేయింబవళ్లు 5 తింటోంది. మొత్తం 12 మిల్లీ ఆంప్స్ వేసుకుంటే మీ 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ గంటల) సెల్ 216 గంటలు వస్తుంది. అదే మీ 9 రోజులు.

పైగా ఆ రెగ్యులేటర్‌కి ఇచ్చే వోల్టేజి, బయటికొచ్చేదానికన్నా దాదాపు 1.1 వోల్టులు ఎక్కువుండాలి. మీ 3.7 వోల్టుల సెల్‌తో వై-ఫై ఆన్ కాగానే రీసెట్ కావడానికి కారణం అదే.

3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ తెచ్చి బోర్డు మీది 3వీ3 (3.3 వోల్టుల) పిన్‌కే ఇవ్వండి, పక్కన 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. రెగ్యులేటర్, ఎల్‌ఈడీ ఊడదీయండి. సెల్ ఉండగా యూఎస్‌బీ గుచ్చొద్దు. సెన్సర్ ప్లస్ వైరు జీపీఐఓ 25కి (కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగల పిన్) మార్చి, ఆన్ చేశాక 200 మిల్లీ సెకన్లు ఆగి చదవండి. సెన్సర్ అవుట్‌పుట్ జీపీఐఓ 34కే ఇవ్వాలి, ఎందుకంటే వై-ఫై నడుస్తుంటే ఏడీసీ2 (వోల్టేజి కొలిచే రెండో గుంపు) పిన్లు కొలవడానికి పనిచేయవు; 34 ఆ గుంపులోది కాదు.

సెన్సర్ అంచులు నీళ్లు పీల్చి రీడింగ్ జారిపోతుంది, నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి పాతండి. పొడి, తడి విలువలు మీ తోట ఇసుకమట్టిలోనే తీసుకోండి, గ్లాసు నీళ్లలో కాదు.